సుధ గేమ్‌లో రాక్షసుడు

ఆదివారం రాత్రి, ప్రొద్దుటూరు

మా మరదలు సుధ ఇవాళ నాతో మాట్లాడింది. చరిత్రకెక్కవలసిన సంగతి.

వారం కింద తను గండికోట మీద తయారుచేసిన వీడియో గేమ్‌ను స్నేహితులకు చూపిస్తుంటే, నేను న్యాయమూర్తిలా తీర్పు చెప్పాను: "ఆ గాలీ, ఆ తలుపు కిర్రుమనడమూ పాత గేముల్లో విన్నవే." అందరూ నవ్వారు. సుధ నవ్వలేదు. ఆనాటినుంచి మాటల్లేవు.

ప్రాయశ్చిత్తంగా నిన్న తనను గండికోటకు తీసుకుపోయాను. లోయ అంచున నిలబడి అసలు గాలిని ఫోనులో రికార్డు చేసుకుంది. నాతో మాత్రం పలకలేదు. తిరుగు బస్సులో నేను జమ్మలమడుగు రాకముందే నిద్రపోయాను.

ఈ సాయంత్రం శబ్దాలు మార్చిన గేమ్ పంపింది. ఆ గాలి వింటుంటే పెన్న మీద తేలిపోతున్నట్టే ఉంది. ఇంతలో కోట చీకట్లో రాక్షసుడి ఊపిరి! ఏ గేములోనూ విననిది. ఉండబట్టలేక ఫోన్ చేశాను.

"ఈ శబ్దం యాడ దొరికింది సుధా?"

"బస్సులో. నీ గురకే బావా! ముగ్గురు రాక్షసులకూ అదే పెట్టినా. శానా గేములు విన్నోడివి, కనుక్కోలేకపోతివే!"

ఎంతసేపు నవ్విందో. నాకు కోపం రావలసింది, రాలేదు. రేపు ఏ ఊళ్లోనో నాలాంటివాడొకడు ఈ ఊపిరి ఎక్కడో విన్నానంటాడేమో. అననీ. సుధకు నాలుగో రాక్షసుడు కావాలంటే, నేను ఇప్పుడే పోయి పడుకుంటాను…