భూమిని ఊపే లారీ

హైదరాబాద్

ప్రియమైన అమ్మీకి, సలాం.

ఫోన్లో నా మాట నీకు వినబడదని ఉత్తరం రాస్తున్న. మన హుజూర్‌నగర్ దిక్కు భూమి కదిలినప్పటి నుంచి నువ్వు ఇంట్లో కాలు పెడ్తలేవని, వాకిట్లో టార్పాలిన్ కిందే పండుకుంటున్నవని పక్కింటి గోవిందమ్మత్త చెప్పింది. వానలు మొదలైనయి. నీ దగ్గు సంగతి నాకు తెలియదా?

వచ్చే వారం మా భూకంపాల ఆఫీసు లారీ మన ఊరికే వస్తోంది. అడుగున ఉన్న ఇనుప పలకను నేలకు అదిమి భూమిని కొద్దిగా ఊపుతుంది. ఆ నేల మీద చెయ్యి పెడితే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది. గోడలకు పెట్టిన మిషన్లు ఇల్లెట్ల కదిలిందో పట్టుకుంటయి. పెద్ద కుదుపు రాకముందే ఏ గోడను బాగుచేయాలో తెలుస్తుంది. మొదలు మన ఇల్లే చూస్తం.

నీ అతియా

అతియా బేటీకి దువా.

చదువు ఎక్కువైందా పిల్లా? అల్లా ఒకసారి ఊపింది చాలదా, నువ్వు లారీ ఏసుకొచ్చి మళ్ల ఊపుతవా? ఆ రోజు గూట్లకెళ్లి గిన్నెలు పడ్డ చప్పుడు గూడ నాకు వినబడలే. పాదాలకే తెలిసింది. గా వణుకు ఇంక పోలే. మీ అబ్బా నాపరాళ్లు మోసి కట్టిన ఇల్లు. కూలితే మళ్ల కట్టెతందుకు ఆయన లేడు. వేరేటోళ్ల ఇల్లు చూసుకో. ఊరికొస్తే మాత్రం తినిపో, జొన్నరొట్టెలు చేస్త.

మీ అమ్మీ లాల్ బీ

హుజూర్‌నగర్

ప్రియమైన అమ్మీకి,

కోపం తగ్గిందా? ఊరి ఆ కొసన మిగతా ఇళ్లు చూస్తున్నం, అక్కడి నుంచే ఇది రాసి పంపుతున్న. నువ్వు వద్దన్నా నిన్న మన గోడలకే మిషన్లు పెట్టి లోపలే నిలబడ్డ. లారీ ఊపుతుంటే నువ్వు ఉరికొచ్చినవు. నన్ను బయటికి గుంజుతవనుకున్న. నువ్వేమో గోడకు రెండు చేతులూ ఆనించి నిలబడ్డవు. లారీ ఆగినా నువ్వు కదల్లేదు. ఏమైందని సైగ చేస్తే రొట్టెలు చేయడానికి పోయినవు.

ఇల్లు గట్టిదే. పడమటి గోడ పై రాళ్ల వరుస ఒక్కటే వదులైంది, దానికి కట్టు వేయిస్తా. ఇంక లోపల పండుకుంటవా? గోడకు చేతులు ఆనించినప్పుడు నీకేమైంది?

నీ అతియా

నా అతియాకు వెయ్యి దువాలు.

నిన్ను గుంజుకపోదామనే ఉరికొచ్చిన. గడప దాటినంక యాదికొచ్చింది, నేను లోపలున్ననని. పడిపోతనని గోడ పట్టుకున్న. నేల కిందికెళ్లి సన్నగ అదురు పైకొచ్చింది బిడ్డా. పాదాలకు, రాళ్లకు, చేతులకు, గుండెలకు. చెవులు పోయినంక నాకు ఇంత పెద్ద చప్పుడు వినబడుడు ఇదే. మీ అబ్బా పెట్టిన ఒక్కో రాయి పలికింది. ఇంత పెద్ద భూమి నా బిడ్డ అడిగితే జవాబిచ్చింది. సుభానల్లా! రొట్టెలు తట్టుతుంటే గూడ అరచేతులల్ల గదే పలుకుతుండె, భయం కాదు.

టార్పాలిన్ గోవిందమ్మ మేకల కొట్టానికి ఇచ్చిన. మంచం లోపలేసుకున్న, నువ్వు కట్టు ఏయించేదాక తూర్పు గోడ పక్కన. మళ్ల వచ్చినప్పుడు మీవోళ్లను జరసేపు ఎక్కువ ఊపమను. గోడకు చెయ్యి ఆనించి వింట.

మీ అమ్మీ