ప్రియ నవ్వలేదని

బిడ్డా కరుణశ్రీ,

ఫోన్ల నాకు మాట రాదని నీకెరుకే. అందుకే రాసి, నిజామాబాద్ వస్తున్న దయాకర్‌తోని పంపుతున్న. హాస్టల్ గదిల నీతోటి ఉండే ప్రియ నిన్ను చూసి నవ్వలేదని, రేపటి పరీక్ష ఇడిసిపెట్టి ఇంటికొస్తనని ఆర్మూర్ బస్సెక్కుతనంటవా? గింతదానికా?

నిన్న ఫోన్ల నీ ఏడుపు ఇనుకుంట నిలవడితే కడాయిల పసుపు కొమ్ములు ఎక్కువ ఉడికి మెత్తగైపోయినయి. ఇగ రంగు రాదని మీ నాయనమ్మ నాతోని మాట్లాడుతలేదు. నేనేమన్న ఇల్లు ఇడిసి బస్సెక్కిన్నా? చాయ్ చేసి ముందట పెట్టిన. మొకం ఇటు తిప్పలేదు గని, తాగింది. నాకు గంతే చాలు.

నువ్వు గూడ గా పిల్లకింత చాయ్ పొయ్యి. తర్వాత పోయి పరీక్ష రాయి. ఇది చదివి, తాతకు కోపమొచ్చిందా అని మళ్ల ఫికర్ చేస్తవు. వచ్చింది. నువ్వు పరీక్ష రాసి వచ్చేసరికి పోతది.

మీ తాత