మోచేతి కింద ఆసరా

రోనీ,
పప్పన్నం మూతపెట్టి ఉంచాను, తిని వెళ్ళు. ఈరోజు సైన్యం పింఛను అప్పీలులో డాక్టరు టీ కప్పో, ఇంకేదో అందిస్తే కుడిచేయి ఒక్కటే చాపు. మోచేతి కింద ఎడమచేయి ఆసరా పెట్టకు. కిందటిసారి ఆయన దాన్ని ఇక్కడి జులూవాళ్లు ఏదైనా అందుకునేటప్పుడు చూపే మర్యాద అనుకుని, "ఎంత పద్ధతైన మనిషివయ్యా!" అని మెచ్చుకుని, చేతికి లోపమేమీ లేదని రాసేశాడు. అంగోలా యుద్ధంలో బాంబు దెబ్బకు నరాలు చచ్చిన చేయి ఎలా వాలిపోతుందో ఆయన్ను చూడనీ. కప్పు జారి పగిలినా సిగ్గుపడకు.

నేను బడికి వెళ్తున్నాను.
డొరొతీ అక్క

ఒకటి అడగాలని ఉంది. మొన్న అమ్మ సమాధిలో ఆ చేత్తోనే మన్ను వేశావు. తడిగా ఉందో, పొడిగా ఉందో నీకేమైనా తెలిసిందా? నేనూ వేశాను. నా చేతులు రెండూ బాగానే ఉన్నాయి, అయినా నాకేమీ తెలియలేదు.