అయస్కాంతం నిలవని తలుపు

బాపూ,

నువ్వు పోయాక తుప్పు పట్టిన నీ అంబాసిడర్‌ని బాగుచేస్తున్నాను. చక్రాలు విప్పి, సిరిసిల్లలో మన వాకిట్లోనే ఇటుకల మీద నిలబెట్టాను. ఇవాళ నువ్వు నేర్పినట్టే అయస్కాంతానికి గుడ్డ చుట్టి, ఎక్కడ రేకుందో ఎక్కడ సొట్టలు పూడ్చిన పుట్టీ ఉందో చూస్తూ వచ్చాను. వెనక ఎడమ తలుపు మీద అది నిలవలేదు. మళ్లీ పెట్టాను, మళ్లీ పడింది.

పుట్టీ అంతా గీకేశాను. అడుగున బయటపడ్డ సొట్ట నా తల పట్టేంత లోతుంది.

అమ్మ వచ్చి చూసి ఆ సొట్ట మీద చెయ్యి పెట్టింది.

"తంగళ్ళపల్లి కాడ లారీ తాకింది కొడుకా. నీకు మూడేండ్లు, గా తలుపుకే ఒరిగి పండుకున్నవ్. పోరనికి చెప్పకు, బండెక్కాల్నంటె భయపడ్తడు అన్నడు మీ బాపు."

అందుకేనా, బయలుదేరే ముందు ప్రతిసారీ వెనక్కి చెయ్యి చాపి నా పక్క లాక్ రెండుసార్లు నొక్కేవాడివి? నేను నవ్వేవాణ్ని.

సాయంత్రం నా బిడ్డ ఆడుకోవడానికి ఎక్కి ఆ తలుపు పక్కనే కూర్చుంది. చక్రాలే లేని బండి, బాపూ. అయినా కిటికీలోంచి చెయ్యి పెట్టి లాక్ నొక్కాను. రెండోసారి నొక్కుతుంటే అది నవ్వింది.