నాకిప్పుడు నిద్ర పడుతున్నది

లత బాపూ,

నిన్న నీ ఏడాది దినం చేసినం. ఇయ్యాల బిడ్డ నన్ను సిరిసిల్ల దవాఖానకు తోల్కపోయింది. నర్సమ్మ బీపీ చూసి, "మస్తు దిగిందమ్మా! నిద్ర సక్కగుంటేనే గిట్ల దిగుతది, గుండెకు బరువు తగ్గుతది. మంచిగ పండుకుంటున్నవా?" అన్నది.

"నాకు నిద్రెక్కడిది సిస్టరూ" అన్న. లత నా దిక్కు చూసింది.

అబద్ధమాడిన.

నీకు యాదికున్నదా? గుర్రు పెట్టుకుంట పెట్టుకుంట నీ ఊపిరి ఆగేది. బట్ట నేసే సాంచ చప్పుడు ఆగితే పోగు తెగిందని ఉరికేటోళ్లం గద, నీ గుర్రు ఆగినా నాకు గట్లనే మెలకువయ్యేది. అందుకే నీ కాలి బొటనవేలికి నూలు పోగు కట్టి, కొస నా చేతికి చుట్టుకునేదాన్ని. గుంజితే మల్ల ఊపిరి తీసేటోనివి. "పండుకోనియ్యవా ఏందే" అని తిట్టేటోనివి. నిద్ర లేక బీపీ నాకొచ్చిందని నా గోలీలు నువ్వే తెచ్చేటోనివి. నీ గుండెను మాత్రం ఎవ్వలకు చూపియ్యలే. గుర్రు పెట్టుడంటే గట్టి నిద్రనే అనుకున్నం.

నువ్వు పట్టపగలు సాంచ కాడ కూలినవ్. అప్పుడు నా చేతిల పోగు లేదు.

నెల దినాలు కన్ను మూయలే. తర్వాత ఒకనాడు తెల్లారేదాక పండుకున్న. ఆనాటి సంది రోజూ గంతే. నువ్వు పోయినంకనే నా పానం బాగైందని నర్సమ్మకు ఏ నోటితోని చెప్పాలె?

దవాఖాన బయటికొచ్చినంక లత మెల్లగ అన్నది: "రాత్రి బాపు లెక్కనే గుర్రు పెట్టినవమ్మా. యాడ ఆగుతదోనని నేను తెల్లారేదాక కూసున్న."