పొంగిన పాలు

సోమవారం రాత్రి, పులివెందుల

పొద్దున కొత్త అద్దె ఇంట్లో పాలు పొంగించాం. ప్రొద్దుటూరులో ఆయన బట్టల కొట్టు మూతపడ్డాక జమ్మలమడుగు పోయాం, అక్కడా సాగక ఇప్పుడు ఇక్కడికి వచ్చాం. ప్రొద్దుటూరు ఇంట్లో సునీతను చంకనెత్తుకుని పాలు పొంగడం చూపించాను. ఈరోజు నాకంటే పొడుగైన పిల్ల తనే స్టవ్ వెలిగించింది.

పాలు అంచుదాకా రాగానే నా చెయ్యి దానంతటదే స్టవ్ ఆపబోయింది. ఎన్నేళ్ల అలవాటో, చుక్క ఒలికినా ప్రాణం ఒప్పదు. సునీత నా చెయ్యి పట్టుకుంది.

"పొంగనీమా. జమ్మలమడుగులో నువ్వు ముందే ఆపేసినావు. అందుకే మనకు ఆడ కలిసిరాలేదని శానా రోజులు అనుకుంటాంటి."

"అప్పుడే చెప్పకపోతివే?"

"నువ్వు ఏడుస్తావని."

అప్పటికి దానికి ఎనిమిదేళ్లు. అంత చిన్నపిల్ల ఆ మాటను కడుపులో పెట్టుకుని ఎట్లా తిరిగిందో...

పాలు స్టవ్వంతా పారాయి. మిగిలినవి రెండు గ్లాసుల కాఫీకి వచ్చాయి. సాయంత్రం ఆయన కొత్త పని నుంచి రాగానే సునీత ఒకటి ఆయనకు, ఒకటి నాకు ఇచ్చింది.

"నీకేది పాపా?" అన్నాడాయన.

"నాకు కాఫీ పడదు నాయనా," అంది గిన్నె కడుగుతూ.

పడకపోవడమేమిటి, నిన్న కూడా తాగింది. ఆ మాట నాది. రెండు ఊళ్లలోనూ ఆయనతో అదే చెప్పేదాన్ని, దాని ముందే. వింటోందనుకోలేదు.