గౌన్లమ్మ ఇచ్చిన నోటీసు

గౌన్లమ్మకు,

నేను క్షేమంగానే చేరాను. మోకాళ్లు మాత్రం ఒకరోజు ఆలస్యంగా చేరాయి. గది మూడో అంతస్తులో ఉంది.

లా కాలేజీలో మొదటిరోజు గుమ్మంలో అడుగు పెట్టగానే తరగతి తరగతంతా లేచి నిలబడింది. కొత్త లెక్చరరు అనుకున్నారట. నేను వెళ్లి ఆఖరి బెంచీలో కూర్చున్నాక గానీ వాళ్లు కూర్చోలేదు. కోర్టు రికార్డు గదిలో ముప్పయ్యారేళ్లు కట్టలు మోశాను. నన్ను చూసి ఎవరైనా లేచి నిలబడటం ఇదే మొదలు. అబద్ధమెందుకు, బాగానే ఉంది.

గదిలో నాకు తోడు ఒక బస్సు కండక్టరు. నలభై దాటాయి. పగలు బస్సు, సాయంత్రం లా. రెండో సంవత్సరం కాబట్టి నాకు పెద్ద దిక్కు. మంచివాడే, కానీ నేను సబ్బు కోసం వెతుక్కుంటున్నా సరే "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అంటాడు.

మూడేళ్ల చదువు. కావాలంటే అతను పక్క గదికి మారతానన్నాడు. ఈ గది ఇద్దరికి సరిపోతుంది. కిటికీలోంచి వెలుతురు ధారాళంగా వస్తుంది. నువ్వు ఇక్కడికి రావడమా, అక్కడే దుకాణం చూసుకోవడమా అన్నది నీ ఇష్టం. నా బలవంతమేమీ లేదు.

ఇట్లు,
పుస్తకాల సంచి మోస్తున్న మీ ఆయన

తా.క.: చొక్కా గుండీ ఊడింది. నేనే కుట్టుకున్నాను. అప్పటినుంచి ఆ చొక్కాని తలమీంచి తొడుక్కుంటున్నాను.

*

నోటీసు

పంపువారు: గౌన్లమ్మ, లాయర్ల నల్లగౌన్లు కుట్టువారు, చదువు లేనివారు, వేలిముద్రదారు. కోర్టు వరండా, మూడవ స్తంభము.

అందుకొనువారు: పై ఆమె భర్త, రికార్డు గది మాజీ ఉద్యోగి, ప్రస్తుతము విద్యార్థి.

అయ్యా,

పై నోటీసుదారు చెప్పగా, పక్క బల్లపై ఉండు టైపు మాస్టారుచే టైపు చేయబడినది ఏమనగా:

ఒకటి. నోటీసుదారుకును తమరికిని వివాహమై నలభై రెండేళ్లు. ఇందులో వివాదము లేదు.

రెండు. ఏమయ్యా, నా ఇష్టమా? నలభై రెండేళ్లలో ఎప్పుడైనా నా ఇష్టం అడిగావా? గోడలకి ఆ బురదరంగు వేయించినప్పుడు అడిగావా? లా పరీక్షకి దరఖాస్తు పెట్టినప్పుడు అడిగావా? నీకు సీటొచ్చిన సంగతి నాకంటే ముందు మంగలికి తెలిసింది! నీ గడ్డంతో పాటు నా పరువు కూడా గీయించుకుని వచ్చావు. ఇప్పుడు అంత దూరం పోయి కూర్చుని "నీ ఇష్టం" అంటావా? భోజనానికి పిలిచి, తింటావో మానతావో నీ ఇష్టం అన్నట్టుంది.

మూడు. ఇక్కడ తొమ్మిది గౌన్లు కత్తిరించి ఉన్నాయి. గుడ్డ కత్తిరించాక వదిలేసి వెళ్లిపోయిన మనిషిని మళ్లీ ఎవరూ నమ్మరు. ఈ స్తంభం దగ్గర చోటు నాకెవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు.

నాలుగు. నేను రావాలా, వద్దా? నీ నోటితో తేల్చి చెప్పు.

కావున ఈ నోటీసు అందిన పదిహేను దినముల లోపల తమరు తగిన సంజాయిషీ ఇవ్వని యెడల, నోటీసుదారు తమరిపై తగు చర్యలు తీసుకొనుటకు వెనుకాడరనియు, అందువలన కలుగు సమస్త కష్టనష్టములకు తమరే బాధ్యులనియు ఇందుమూలముగా తెలియజేయడమైనది.

(వేలిముద్ర)

టైపు చేసినవారి మనవి: వేలిముద్ర వేసిన తరువాత ఆమె ఇంకా ఏదో చాలాసేపు చెప్పారు. వేలిముద్ర తరువాతి మాట చెల్లదు గనుక టైపు చేయలేదు. దుప్పటి, మోకాళ్ల నూనె, వేళకి తినడం అన్న మాటలు వినబడినవి. ఇది రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. నేను మా తమ్ముడికి రాసినా అలాగే పంపుతాను.

*

శ్రీమతి నోటీసుదారు గారికి,

మీ నోటీసు అందినది. పోస్టావిడ మెట్లమీదే సంతకం చేయించుకుని, కవరు మీద ముద్ర చూసి, "ధైర్యంగా ఉండండి" అని చెప్పి వెళ్లింది.

కండక్టరు దాన్ని రెండుసార్లు చదివాడు. "బాబాయ్, ఇది విడాకులకి మొదటి మెట్టు. రెండో మెట్టు భరణం. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. జవాబు నేను చెప్తాను, మీరు రాయండి" అన్నాడు. ఆ ప్రకారం రాస్తున్నాను:

ఒకటవ పేరా, అనగా వివాహము, అంగీకరించడమైనది. రెండవ పేరా పూర్తిగా నిరాకరించడమైనది. గోడలకు రంగు వేయు సమయమున నోటీసుదారు ఊరిలో లేరు. మంగలి విషయము రుజువు చేయు బాధ్యత నోటీసుదారుదే. మూడవ పేరాలోని తొమ్మిది గౌన్లను ప్రతివాది ఎరుగడు. నాలుగవ పేరాలోని ప్రశ్నకు జవాబు చెప్పు హక్కును ప్రతివాది ప్రస్తుతము తనవద్దనే ఉంచుకొనుచున్నాడు.

ఇట్లు,
ప్రతివాది

తా.క. (కండక్టరు డ్యూటీకి వెళ్లాక, నా అంతట నేను రాస్తున్నది): ఏమే, నిజంగానేనా? నలభై రెండేళ్ల తర్వాత? రెండు రోజులుగా అన్నం దిగడం లేదు. నిన్న తరగతిలో కాంట్రాక్టు ఎలా రద్దవుతుందో చెప్పారు. లేచి బయటికి వచ్చేశాను.

*

నోటీసు నంబరు రెండు

అయ్యా,

ప్రతివాది జవాబును నోటీసుదారుకు చదివి వినిపించగా, ఆమె కత్తెర బల్లమీద కొట్టి చెప్పినది ఏమనగా:

నా గౌన్లని ఎరగవా? మధ్యాహ్నం పూట ఆ కుప్ప మీద తల ఆన్చి కునుకు తీసింది ఎవరు? నీ తలనూనె మరక భుజానేసుకుని తిరిగే లాయర్లు ఈ కోర్టులో ఇప్పటికీ నలుగురున్నారు. రుజువు కావాలా? మంగలిని పిలిపించనా? జవాబు నీ దగ్గరే ఉంచుకుంటావా? ఉంచుకో! దిండు కింద పెట్టుకుని పడుకో! సూటిగా ఒక మాట అడిగితే పేరాలు లెక్కపెడతావా? నువ్వక్కడ, నేనిక్కడ. నేను రాను. అంతే.

మాస్టారూ, ఇప్పుడు చెప్పేది టైపు చెయ్యకండి. ఇది మీకే చెప్తున్నా. నాకు వెళ్లాలనే ఉంది. ఆ మనిషికి ఉప్పుకీ చక్కెరకీ తేడా నోట్లో వేసుకుంటే గానీ తెలీదు. కానీ ఆ మేడ నిండా చదువుకున్నవాళ్లే కదా. ఇక్కడైతే గౌను భుజం అరుగుదల చూసి ఏ లాయరు ఏ చేత్తో ఫైళ్లు మోస్తాడో చెప్పేస్తాను. అందుకే ఎంత పెద్ద లాయరైనా నా ముందు చేతులు చాపి బుద్ధిగా నిలబడతాడు. అక్కడ? తలుపుకి ఎవరైనా కాగితం అంటిస్తే, అది రేపు నీళ్లు రావనో, ఇల్లు ఖాళీ చెయ్యమనో నాకేం తెలుస్తుంది? వాళ్లనీ వీళ్లనీ అడగాలి. "లా చదివే ఆయన పెళ్లానికి అక్షరమ్ముక్క రాదట" అంటారు. ఆయన తల దించుకోడు, నాకు తెలుసు. నేనే దించుకుంటాను. సూదిలో దారం ఎక్కించడానికి తప్ప నేను తల దించిన మనిషిని కాదు మాస్టారూ. ఆయన గట్టిగా "రా" అని ఒక్కమాట అంటే, ఆ మాట పట్టుకుని ఎన్ని మెట్లైనా ఎక్కుతా. అనడే! ఆ టకటకలేంటి? టైపు చెయ్యట్లేదు కదా? (మాస్టారు: లేదమ్మా, కాగితం సర్దుతున్నాను.) సరే, ఇక ముగించండి.

కావున ప్రతివాది వైఖరి మారని యెడల నోటీసుదారు తనకు తోచిన మార్గమును అనుసరించగలరు.

(వేలిముద్ర)

టైపు చేసినవారి మనవి: నోటీసుదారు మాటలో ఒక్క అక్షరం తగ్గించినా నా వృత్తికి తప్పు. మన్నించగలరు. మరొకటి: తమరి ఉత్తరాలు సంతకం దాకా మాత్రమే ఆమెకు చదివి వినిపిస్తున్నాను. సంతకం కింద ఉన్నది రికార్డులోకి రాదు గదా. ఈ సంగతి రికార్డు గదిలో పనిచేసిన తమరికి నేను చెప్పాలా?

*

నా గౌన్లమ్మకు,

సంతకం ఈసారి కాగితం అట్టడుగున, ఇంకో అక్షరం పట్టని చోట చేస్తున్నాను. మాస్టారు తప్పించుకోలేరు.

నీ రెండో నోటీసులో నువ్వు టైపు చెయ్యొద్దన్న ముక్క కూడా ఉంది. మాస్టారి మీద అరవకు. ఆ ముక్క లేకపోతే నేను ఏమైపోయేవాణ్ణో.

నేనెందుకు లాకి వచ్చానో నీకు చెప్పలేదు. చెబితే నవ్వుతావనుకున్నాను. రికార్డు గది కిటికీ దగ్గరికి జనం వచ్చేవాళ్లు. "నాయనా, మా కాగితం ఉందా?" అనేవాళ్లు. కట్ట విప్పి చూపించేవాణ్ణి. "ఇందులో ఏముంది?" అని అడిగితే, "మీ లాయరుని అడగండి" అనేవాణ్ణి. ముప్పయ్యారేళ్లు అదే మాట. వాళ్లు ఆ కాగితాన్ని తడిమి చూసుకుని వెళ్లిపోయేవాళ్లు. ఒక్కళ్లకైనా నేనే కూర్చోబెట్టి చెప్పాలనిపించింది. అంతకంటే ఏమీ లేదు.

నిన్ను రమ్మని ఎందుకనలేదో కూడా విను. ఆ స్తంభం దగ్గర చోటు కోసం నువ్వు ఎంతమందితో గొడవపడ్డావో కళ్లారా చూశాను. నేను రమ్మంటే, నా మాట కాదనలేక అదంతా వదిలి వస్తావేమోనని భయం. ఈ గదిలో చేతులు ముడుచుకుని కూర్చున్న నిన్ను నేను చూడలేను. ఆ భయానికే "నీ ఇష్టం" అని పేరు పెట్టాను.

నువ్వు తల ఎత్తుకుని ఉండే చోటికే నేను వస్తాను. ఎల్లుండి శుక్రవారం పొద్దున బస్సుకి బయల్దేరుతున్నాను. కాలేజీలో ప్రస్తుతానికి సెలవు చీటీ ఇచ్చాను. నా పేరు తీసెయ్యమని రాసిన కాగితం మాత్రం జేబులోనే ఉంది. అక్కణ్ణుంచి పోస్టు చేస్తాను. ఇక్కడ ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

కండక్టరు రెండు రోజులుగా నామీద కోపంగా ఉన్నాడు. "మీకు టిక్కెట్టు కొట్టడం నా చేత కాదు బాబాయ్" అంటున్నాడు.

ఇట్లు,
నీ ప్రతివాది, నీ ఆయన

*

ఏమయ్యా,

ఎక్కడికి పోయావు? నేనిక్కడ నీ గదిలో, నీ మంచం మీద కూర్చుని చెప్తున్నాను. రాస్తున్నది కండక్టరు. మధ్యలో ఒక్క "కావున" పడినా ఊరుకోనని ముందే చెప్పాను.

బుధవారం గౌను తీసుకుపోవడానికి వచ్చిన లాయరమ్మ బల్లమీద నీ జవాబు చూసి, "చదవనా?" అంది. చదువుతూ పడీపడీ నవ్వింది. చివర్లో నవ్వు ఆపేసింది. "గౌన్లమ్మా, మీరు మీ ఆయనకి విడాకుల నోటీసు ఇచ్చారా?" అంది. నేనా! నేను ఉత్తరం రాయించానమ్మా అన్నాను. అప్పుడు నీ రెండు ఉత్తరాల్లోనూ సంతకం కింద రాసినవన్నీ చదివింది. గుండీ, అన్నం, బయటికి వచ్చేయడం, అన్నీ. నేను మాస్టారి వైపు తిరిగాను. ఆయన టైపు మిషను వెనక దాక్కున్నారు. ఆ పొట్ట దాని వెనక పట్టే పొట్ట కాదు. నేను టైపు చెయ్యొద్దన్నది చేసి పంపానని అప్పుడే ఒప్పేసుకున్నారు. నాకు కోపం రావాలి. రాలేదు.

అయినా, మంగలి సంగతి పైన పెట్టి, అన్నం దిగడం లేదన్న మాట కింద పెడతావా? లాలో ఇదేనా నేర్పేది?

ఆరు గౌన్లు కూర్చుని కుట్టేశాను. మూడు వెంట తెచ్చాను. కుట్టుమిషను తల విప్పి గోనెసంచిలో చుట్టి, శుక్రవారం పొద్దున బస్సెక్కాను. ఇక్కడ తలుపు తీసిన కండక్టరు నన్ను చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "పిన్నీ, బాబాయ్ పొద్దున్నే మీ దగ్గరికి బయల్దేరాడు!" అన్నాడు. దారిలో ఎక్కడో నీ బస్సూ నా బస్సూ ఒకదాని పక్కనుంచి ఒకటి పోయి ఉంటాయి. నువ్వా, కిటికీలోంచి చూసే మనిషివి కాదు.

వచ్చేసరికి తలుపు మీద కాగితం ఉండనే ఉంది. నేను భయపడిందీ దానికే. అయినా తల ఎత్తే అడిగాను, "ఇందులో ఏముంది నాయనా?" అని. కండక్టరు దాన్ని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివి, "నాకూ సరిగ్గా అర్థం కాలేదు పిన్నీ, నేను రెండో సంవత్సరమే కదా" అన్నాడు. అప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది.

నీ చివరి ఉత్తరం నేను బయల్దేరేదాకా నాకు అందలేదు. పోస్టు చేసేముందు అతనికి చదివి వినిపించావట, అందులో సంగతులన్నీ అతనే చెప్పాడు. నీ మాట కాదనలేక వచ్చేస్తానని భయమా? నలభై రెండేళ్లలో నీ మాట విని నేను చేసిన పని ఒక్కటి చూపించు. దుకాణం వదిలి వస్తే నా చేతులు ఖాళీగా ఉంటాయని ఎవరు చెప్పారు? కిటికీ దగ్గర నీ చదువుబల్లకి మిషను బిగించాను. నీ పుస్తకాలు మంచం కిందికి వెళ్లాయి. ఈ మేడలో లా చదివేవాళ్లు పదకొండుమంది. అందరికీ కాలేజీలో ఉత్తుత్తి కోర్టు ఉందట, దానికి గౌను కావాలట. నిన్న సాయంత్రం మెట్లమీద వరసగా చేతులు చాపి నిలబడ్డారు.

ఆ జేబులో కాగితం చింపెయ్యి. నువ్వు అడగలేకపోయిన మాట నేను అడుగుతున్నా. విను. రా.

ఈ ఉత్తరం పోస్టులో కాదు, కండక్టరుకి తెలిసిన డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. అదే బస్సు ఆదివారం తిరిగొస్తుంది. అందులో ఎక్కు. వచ్చేప్పుడు మూడో స్తంభం దగ్గర నా బల్ల ఎవరూ జరపకుండా చూడమని మాస్టారికి చెప్పు. మూడేళ్ల తర్వాత నీ గౌను అక్కడే కుడతాను.

ఇట్లు,
నీ గదిలో ఉన్న మీ ఆవిడ
(వేలిముద్ర)

తా.క.: ఇవాళ శనివారం, నీ తరగతికి వెళ్లొచ్చాను. ఆఖరి బెంచీలో నీ చోటులో ఎవరో సంచి పెడితే తీసి కూర్చున్నాను. లెక్చరరమ్మ హాజరు పిలుస్తూ నీ పేరు పిలిచింది. "ఉన్నానమ్మా" అన్నాను. ఆవిడ తలెత్తి, "ఆయన మీరు కాదు కదా?" అంది. "నలభై రెండేళ్లుగా ఆయన తరఫున అన్నిచోట్లా మాట్లాడేది నేనే" అన్నాను. "దాన్ని మేం వకాలతు అంటాం" అని నవ్వింది. ఈసారికి సరేగానీ, సోమవారం మాత్రం అసలు మనిషే కావాలంది. ఎలాగూ వెళ్లాను కాబట్టి గంటసేపు పాఠం విన్నాను. పరవాలేదు. రెండు చోట్ల ఆవిడ చెప్పింది తప్పని నాకనిపించింది. నువ్వు వచ్చాక ఇద్దరం కలిసి అడుగుదాం.